రెండో షిఫ్టుకు కొత్త జాబితా

ఆ మధ్యాహ్నం గని ఆఫీసు మీటింగు గదిలో ఉన్నవి ఇవి. గోదావరిఖనిలోని మా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఆటోలో, పరుపులో చుట్టి తెచ్చిన కంప్యూటరు ఒకటి. బ్యాటరీ మీద ఎవరికీ నమ్మకం లేని యూపీఎస్ ఒకటి. పెళ్లిళ్లకు వీడియో తీసే అతని దగ్గర అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు. తెర పేరుతో గోడకు కట్టిన తెల్ల దుప్పటి, దాని అంచున ఆకుపచ్చ పువ్వులు. ప్లాస్టిక్ కుర్చీలు ఇరవై నాలుగు, అందులో రెండింటికి చేతులు లేవు. మనుషుల్లో గని మేనేజరు, ఆయన వెనక ఆఫీసు సిబ్బంది ఎనిమిది మంది, కొత్త చొక్కాలు తొడుక్కున్న మా తొమ్మిది మంది విద్యార్థుల్లో ఎనిమిది మంది, ఇన్‌స్టిట్యూట్ యజమాని, కీబోర్డు ముందు నేను. తలుపు దగ్గర, గోడకు ఒక చేయి ఆనించి, ల్యాంపు రూంలో పనిచేసే కాక. కుర్చీలు ఐదు ఖాళీగా ఉన్నాయి. కాకను కూర్చోమని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు.

యజమానిని మేమంతా సార్ అనేవాళ్లం. సార్ హైదరాబాదులో నాలుగు నెలల కోర్సు చేసి తిరిగొచ్చి, చౌరస్తాలో టైర్ల దుకాణం పైన రెండు గదులు తీసుకుని ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. బోర్డు మీద వరుసగా సీ, సీ ప్లస్ ప్లస్, జావా, ఒరాకిల్, ట్యాలీ, ఇంగ్లీషు మాట్లాడటం, డీటీపీ, లామినేషన్ అని రాసి ఉండేది. వీటిలో సార్‌కు నిజంగా వచ్చింది లామినేషన్. అది చాలా బాగా చేసేవాడు, ఒక్క గాలి బుడగ కూడా ఉండేది కాదు.

నేను ఎంసీఏ పూర్తి చేసి వచ్చినవాణ్ని. హైదరాబాదులో ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా అనుభవం ఎంత అని అడిగేవారు. ఆరు నెలలు పాఠాలు చెబితే రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితం ఇస్తానని సార్ అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఇక్కడ ఎవరినైనా వెక్కిరించే ముందు ఈ వాక్యం రాసిపెట్టడం న్యాయం.

సార్ పాఠం చెప్పే పద్ధతి ఒకటి ఉండేది. తను అడుగుతాడు, క్లాసంతా ఒకే గొంతుతో జవాబు చెప్పాలి.

"కన్‌స్ట్రక్టర్ అంటే ఏంది?"

"క్లాసు పేరే దాని పేరు, తిరిగి ఏం ఇయ్యదు."

అక్కడితో ఆ పాఠం ముగిసేది. కన్‌స్ట్రక్టర్ పేరు ఏమిటో తొమ్మిది మందికీ తెలుసు, అది తిరిగి ఏమీ ఇవ్వదని కూడా తెలుసు. అది ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. న్యూ అని రాసి దాని పక్కన కన్‌స్ట్రక్టర్‌ను పిలిస్తే అప్పటిదాకా లేని వస్తువు ఒకటి తయారవుతుందనీ, దానికి తనదంటూ ఒక చోటు ఉంటుందనీ, అంతకుముందు ఉన్న ఏ వస్తువుతోనూ దానికి సంబంధం లేదనీ, ఈ మూడు విషయాలూ ఆ ఇన్‌స్టిట్యూట్‌లో నేను చేరేదాకా ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

జాబితాల పాఠం ఇంకా అన్యాయం. జావాలో అర్రే లిస్ట్ అనే జాబితాను తయారు చేయడానికి మూడు కన్‌స్ట్రక్టర్లు ఉన్నాయి. ఒకటి ఖాళీ జాబితా ఇస్తుంది. రెండోదానికి ఒక సంఖ్య చెబితే అన్ని చోట్లు ముందే సిద్ధం చేసిన జాబితా ఇస్తుంది, కానీ అదీ ఖాళీదే. మూడోదానికి ఇంకో జాబితాను చేతికిస్తే, అందులో ఉన్నవాటినే వరుసగా పెట్టుకున్న వేరే జాబితా ఇస్తుంది. మూడే. పదిహేను నిమిషాల పాఠం. సార్ రెండోదాన్ని తీసుకుని బోర్డు మీద వంద అని రాసి, "అంటే దీంట్ల వంద మంది ఉన్నట్టు" అన్నాడు. తొమ్మిది మందీ రాసుకున్నారు. ముందు వరుసలో కూర్చునే అమ్మాయి కంప్యూటరు దగ్గరికి వెళ్లి, ఎంతమంది ఉన్నారని జాబితానే అడిగింది. సున్నా అని వచ్చింది.

సార్ తెర వైపు చూశాడు. "సీడీ దొంగది," అన్నాడు. "గందుకే సున్నా చూపెడ్తాంది. అసలు సీడీ ఐతె వందనే వస్తది."

అదీ రాసుకున్నారు.

తెలంగాణ ఇంకా రాని రోజులవి. వారంలో ఒక రోజు బంద్, ఇంకో రోజు రాస్తారోకో. మిగిలిన రోజుల్లో సార్ ఊరంతా తిరిగి పరిచయాలు చేసుకునేవాడు. అలా ఏదో సభలో సెంటినరీ కాలనీ దగ్గరి గని మేనేజరు కలిసి, మీ పిల్లలు మా ల్యాంపు రూంకు ఏదైనా చేయగలరా అని మర్యాదకు అడిగాడు. సార్ మర్యాదను ఆర్డరుగా తీసుకున్నాడు. పదిహేను రోజుల్లో బాయిలో, అంటే గని లోపల, ఎంతమంది ఉన్నారో తెర మీద చూపిస్తామని మాట ఇచ్చి వచ్చి, ఆ మాటను నాకు అప్పగించాడు.

మా క్వార్టరు కూడా సెంటినరీ కాలనీలోనే. ల్యాంపు రూం కాక మా వరుసలో నాలుగో ఇంట్లో ఉండేవాడు. ఒకప్పుడు మా నాన్నతో కలిసి బాయి దిగినవాడే. పైకప్పు బండ ఒకటి మోకాలి మీద పడ్డాక ఆయన్ని పైన తేలిక పనికి మార్చి ల్యాంపు రూంలో పెట్టారు. నేను మూడు మధ్యాహ్నాలు ఆ కిటికీ వెనక స్టూలు మీద కూర్చుని ఆయన పని చూశాను.

పని ఇదీ. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. దిగే ముందు బిళ్ల కిటికీలో ఇచ్చి, టోపీకి తగిలించుకునే ల్యాంపు తీసుకుంటాడు. కాక ఆ బిళ్లను బోర్డు మీద అదే నంబరు కొక్కేనికి వేస్తాడు. మనిషి పైకొచ్చి ల్యాంపు ఇస్తే బిళ్ల తీసి చేతిలో పెడతాడు. కొక్కేనికి బిళ్ల ఉందంటే మనిషి లోపల ఉన్నాడు. ఖాళీగా ఉందంటే పైకి వచ్చాడు, లేదా దిగనే లేదు.

షిఫ్టుకో బోర్డు ఉండేది. సైరన్ కూసేసరికి కొందరు అప్పటికే స్నానం చేసి సైకిలెక్కి ఉంటారు. దూరంగా పనిచేసేవాళ్లు అరగంట, ముప్పావు గంట నడిచి అప్పుడు బయటపడతారు. ఈలోగా రెండో షిఫ్టువాళ్లు దిగడం మొదలవుతుంది. అందుకని వాళ్ల బిళ్లలు ఎప్పుడూ పక్క బోర్డు మీదే వేయాలి.

"ఒక్క బోర్డు సాలదా కాకా?" అని అడిగాను. తెలిసి అడిగిందే, ఆయన ఏమంటాడో వినాలని.

"సాలదు బిడ్డా. ఆళ్ల మీద ఈళ్లను ఏస్తె లోపల ఎవలున్నరో దేవునికి గూడ తెల్వది. షిఫ్టు మారిందంటె వేరే బోర్డే. పాతదాన్ని ముట్టద్దు. ఆఖరి మనిషి ఒచ్చేదాంక దాన్ని ముట్టద్దు."

నాలుగు నెలలు హైదరాబాదులో ఫీజు కట్టి సార్ నేర్చుకోలేనిది ఈయన ఒక్క ముక్కలో చెప్పాడని ఆ స్టూలు మీద కూర్చునే అనుకున్నాను. ఆయన బిళ్లలను అంకెలతో లెక్కపెట్టేవాడు కాదు. వేళ్లతో తాకుతూ వరుస వెంట వెళ్లేవాడు, చివర్లో ఒక్క సంఖ్య మాత్రం నోటితో చెప్పేవాడు. తొమ్మిదేళ్లలో ఆ సంఖ్య ఒక్కసారీ తప్పలేదట. అది గొప్పకు చెప్పలేదు.

"తప్పిందంటె నన్ను ఈడ ఉంచరు," అన్నాడు. "ఇంక మూడేండ్లు ఉన్నది నా సర్వీసు. మళ్ల బాయి దిగుమంటె ఈ మోకాలు దిగుతదా? ఒక మెట్టు దిగితె రెండో మెట్టుకు కూసోవాలె."

నేను ప్రోగ్రాం రాశాను. చిన్నదే. మొదటి షిఫ్టుకు ఒక జాబితా, ల్యాంపు తీసుకున్నవాడి నంబరు అందులో చేరుతుంది, తిరిగి ఇచ్చినవాడి నంబరు పోతుంది. రెండో షిఫ్టు మొదలైందన్న బటన్ నొక్కితే, న్యూతో ఖాళీ జాబితా ఒకటి కొత్తగా తయారవుతుంది. తెర మీద రెండు వరుసలు, ఒక్కో షిఫ్టులో లోపల ఎంతమంది ఉన్నారో. కాక బోర్డులు ఎలా ఉన్నాయో నా జాబితాలూ అలాగే ఉన్నాయి. ఇందులో నా తెలివి పెద్దగా లేదు.

చూపించడానికి రెండు రోజుల ముందు సార్ ఆ ప్రోగ్రాం తెరిచి బాగు చేశాడు. బాగు చేశాడు అన్నది ఆయన మాట. న్యూ ఉన్న వరుస తీసేశాడు. దాని చోట రెండు వరుసలు పెట్టాడు. మొదటిది, రెండో షిఫ్టు జాబితా అంటే మొదటి షిఫ్టు జాబితాయే అని రాయడం. రెండోది, రెండో షిఫ్టు జాబితాను తుడిచేయడం.

ఆయన ఉద్దేశం, మొదటిదాని నకలు ఒకటి తయారై, ఆ నకలును తుడిస్తే ఖాళీది ఒకటి మిగులుతుందని. నకలు తయారవదు. నకలు కావాలంటే మూడో కన్‌స్ట్రక్టర్‌ను పిలవాలి, దానికీ న్యూ అనాలి. ఆయన రాసినదాంట్లో తయారైన వస్తువు ఏదీ లేదు. ఉన్న ఒకే జాబితాకు ఇంకో పేరు పెట్టి, ఆ పేరుతో దాన్ని తుడిచాడు. ఖాళీది ఎలాగైనా కావాలంటే నకలు తీసి తుడవడం ఎందుకన్నది వేరే ప్రశ్న. అది అడిగే స్థాయికి మేము చేరలేదు.

ఇది చెప్పాను. సార్ నవ్వాడు.

"నువ్వు పుస్తకం మనిషివి తమ్మీ. మెమరీ అంటె ఏంది? జాగ. మాటిమాటికి కొత్తది కట్టుకుంట పోతె జాగ నిండి కంప్యూటర్ ఆగిపోతది. మేనేజర్ ముంగట ఆగిపోయిందనుకో, నా ఇజ్జత్ ఏం కావాలె? ఉన్నదాన్నే తుడ్సుకుంటె అయిపాయె."

"పాతదాంట్ల ఇంక మనుషులు ఉంటరు గద సార్."

"సైరన్ అయినంక లోపల ఎవలుంటరు?"

ఈ మాట అన్నవాడు బాయి లోపల పనిచేయించే ఓవర్‌మన్ కొడుకు. పాతికేళ్లు గని పక్కన పెరిగాడు. సైరన్ కూసిన గంటకు తండ్రి ఇంటికి రావడం ప్రతిరోజూ చూసినవాడు.

తర్వాత ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్ష చేసి చూపించాడు. ఇరవై నంబర్లు ఎక్కించాడు, ఇరవై తీసేశాడు, బటన్ నొక్కాడు. మొదటి షిఫ్టు సున్నా. నిజమే, ముందే సున్నా ఉన్నదాన్ని తుడిస్తే సున్నాయే వస్తుంది. ఆ తర్వాత రెండో షిఫ్టువాళ్లను ఎక్కించి చూడమన్నాను. టీ టైం అయిందన్నాడు. విద్యార్థులు అప్పటికే తలలు ఊపారు. అనుభవం కాగితం సార్ బల్ల సొరుగులో, సంతకం ఒక్కటి మిగిలి ఉంది. నేను ఊరుకున్నాను. అంత పిరికితనానికి ఇంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. కాక చెప్పిన మోకాలి సంగతి ఆ సాయంత్రం గుర్తుకు వచ్చింది, గుర్తుకు వచ్చినా ఊరుకున్నాను.

చూపించే రోజు బంద్ లేకుండా చూసుకున్నారు. ఉదయమే కంప్యూటరు మీటింగు గదిలో పెట్టాం. ల్యాంపు రూం వరండాకు అటువైపు, నలభై అడుగుల దూరం. కిటికీ దగ్గర ఒక విద్యార్థి నిలబడి నంబరు అరిచేవాడు, ఇటు నేను కొట్టేవాణ్ని. సార్ దీన్ని కంప్యూటరీకరణ అని పిలిచాడు. మొదటి షిఫ్టుకు దిగినవాళ్లు నూట అరవై మూడు మంది. అరిచినవాడి గొంతు ఎనిమిది గంటలకే పోయింది, ఇంకొకణ్ని పెట్టాం.

మూడు గంటలకు సైరన్ కూసింది. ఆ ముందే కొందరు పైకి వచ్చారు. నంబర్లు తగ్గుతూ వచ్చాయి. దుప్పటి మీద ఆకుపచ్చ పువ్వుల మధ్య ఎనభై, అరవై ఆరు, నలభై ఒకటి. కుర్చీల్లో ఉన్నవాళ్లు ఆ తగ్గడాన్ని క్రికెట్ చివరి ఓవర్లలా చూశారు. అంతవరకూ ప్రోగ్రాంలో తప్పు లేదు, తెర మీద ఎంత ఉందో కాక బోర్డు మీదా అంతే ఉంది. ఆయన మధ్యమధ్య ల్యాంపు రూంకు వెళ్లి, తన కింద పనిచేసే మనిషిని కిటికీ దగ్గర చూసుకోమని చెప్పి, మళ్లీ వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు.

మూడున్నరకు టీ వచ్చింది. అందరూ గ్లాసుల వైపు తిరిగారు. తెర మీద పదమూడు ఉంది. సార్ నా చెవి దగ్గర వంగి, రెండో షిఫ్టు బటన్ నొక్కు అన్నాడు. నొక్కితే ఏమవుతుందో ఆ గదిలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నొక్కాను.

మేనేజరు గ్లాసు పట్టుకుని తిరిగేసరికి దుప్పటి మీద రెండు సున్నాలు ఉన్నాయి.

"జీరో!" అన్నాడు. గ్లాసు కుర్చీ మీద పెట్టి చప్పట్లు కొట్టాడు. వెనక ఎనిమిది మందీ కొట్టారు. విద్యార్థులు లేచి నిలబడి కొట్టారు. సున్నాకు చప్పట్లు కొట్టడం మా బొగ్గు బెల్టులోనే సాధ్యం. ఇక్కడ ప్రతి గని గేటు దగ్గరా ప్రమాదాలు సున్నా అని బోర్డు ఉంటుంది, ప్రతి భద్రతా సభలో సున్నా మన లక్ష్యం అంటారు. చిన్నప్పటి నుంచి మేము చూసిన అంకెల్లో అంతటి మంచిది ఇంకోటి లేదు. ఏ లెక్కకైనా జవాబు సున్నా వస్తే అది ఎలా వచ్చిందని అడగడం మావాళ్లకు అలవాటు లేదు. ఎంసీఏ చదివిన నా చేతులు కూడా ఒకదానికొకటి దగ్గరగా వెళ్లాయి.

తలుపు దగ్గరి నుంచి కాక అన్నాడు, "ఇంక పదమూడు మంది ఉన్నరు సార్ లోపల."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. మేనేజరు తెర వైపు చూశాడు, కాక వైపు చూశాడు.

"నువ్వు పదమూడు అంటున్నావు. ఇక్కడ సున్నా అని ఉంది కదయ్యా."

"బోర్డు మీద పదమూడు బిళ్లలున్నయి సార్. ఒచ్చి సూడుండ్రి."

ఎవరూ లేవలేదు. నలభై అడుగులు. పదమూడు మంది భూమి కింద ఉన్నారో లేదో తెలుసుకోవడానికి నలభై అడుగులు నడవాలి, నడిచే అవసరం లేదని చెప్పడానికి గోడ మీద దుప్పటి ఉంది.

సార్ ముందుకు వచ్చాడు. "కాకకు పాపం వయసైంది సార్. కండ్లు ఆనవ్. పొద్దటి బిళ్లలు తియ్యకుంట మరిశిపోయి ఉంటడు. గీ తప్పులు కావద్దనే గద మనం కంప్యూటర్ పెట్టింది."

ఇది చాలా నున్నగా అన్నాడు, గాలి బుడగ లేకుండా. మేనేజరు వెనక్కి తిరిగి గుమాస్తాతో, ల్యాంపు రూం లెక్కలో తేడా ఉందని రాసుకోమన్నాడు. ఈయన్ని అక్కడ ఎన్నాళ్ల నుంచి ఉంచారని అడిగాడు. రేపు పొద్దున ఈ విషయం చూద్దాం అన్నాడు. గుమాస్తా పెన్ను మూత తీశాడు.

కాక గోడకు ఆనించిన చేయి తీసి, రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడ్డాడు. ఆ మోకాలితో అలా నిలబడటం ఆయనకు ఎంత కష్టమో నేను మూడు మధ్యాహ్నాలు చూసి ఉన్నాను.

అప్పుడే వరండాలోంచి అరుపు వినిపించింది. రెండో షిఫ్టు మొదటి మనిషి ల్యాంపు తీసుకున్నాడు. నేను నంబరు కొట్టాను. దుప్పటి మీద రెండో షిఫ్టు ఒకటి అయింది. మొదటి షిఫ్టు కూడా ఒకటి అయింది.

సార్ అది చూశాడు. ఆయన చేయి నా భుజం మీద పడింది, వేళ్లు నొక్కుకున్నాయి. ఆపు అని. ఆపితే సరిపోయేది. సమయం అయిపోయిందని చెప్పి ప్రొజెక్టరు కట్టేస్తే, గుమాస్తా రాసింది రాసినట్టే ఉండేది, కాగితం మీద సంతకం పడేది, కాక వచ్చే నెల మెట్లు దిగేవాడు. బయట ఇంకో నంబరు అరిచారు. నేను కొట్టాను. రెండు, రెండు. ఇంకోటి. మూడు, మూడు. వేళ్లు ఇంకా గట్టిగా నొక్కాయి. నాలుగు, నాలుగు.

"అదేంది," అన్నాడు కాక. "మొదటి షిఫ్టుల మళ్ల మనుషులు దిగుతాండ్రా?"

వెనక ఎవరో నవ్వారు. సార్ అది తెర సర్దుకుంటోందని చెప్పబోయాడు. నేను కుర్చీలోంచి లేచాను.

"అక్కడ రెండు జాబితాలు లేవు సార్," అని మేనేజరుతో అన్నాను. "ఉన్నది ఒక్కటే. దానికి రెండు పేర్లున్నయి. రెండోదాన్ని తుడిస్తే మొదటిది పోయింది. కాక బోర్డే కరెక్టు."

"ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

మేనేజరును మెచ్చుకోవలసిన చోటు ఇదొక్కటే. ఆ గదిలో అడగవలసిన ప్రశ్న అది.

"రెండు రోజుల నుంచి," అన్నాను.

మేనేజరు నన్ను చూసిన చూపులో ఉన్న ఈసడింపు సరైనదే. తర్వాత నలభై అడుగులు నడిచాడు. వెనక అందరం నడిచాం. ల్యాంపు రూంలో మొదటి షిఫ్టు బోర్డు మీద బిళ్లలు వేలాడుతున్నాయి. కాక వాటిని వేళ్లతో తాకుతూ వెళ్లి తొమ్మిది అన్నాడు. మేనేజరు వేలు పెట్టి ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టాడు. తొమ్మిది. ఇంతకుముందు పదమూడు అన్నావు కదా అని గుమాస్తా ఎత్తిపొడిచాడు.

"నలుగురు ఇప్పుడే ల్యాంపులు ఇచ్చి పోయిండ్రు సార్," అన్నాడు కాక. "మీరు నన్ను ఎన్నేండ్లయిందని అడిగినప్పుడు ఇద్దరు, మీరు నడ్సుకుంట ఒచ్చేటప్పుడు ఇద్దరు. కావాలంటె గా నల్లా కాడ మొఖాలు కడుక్కుంటాండ్రు, అడుగుండ్రి."

మేనేజరు అడగలేదు. అక్కడే నిలబడ్డాడు. ఒక్కొక్కరే వచ్చారు, మొహాలు నల్లగా, ల్యాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటూ, ఇంతమంది పెద్దలు తమ కోసం ఎందుకు నిలబడ్డారో అర్థంకాక. ఆఖరి మనిషి నాలుగు దాటాక వచ్చి, లోపల ఏమన్నా అయిందా అని మమ్మల్నే అడిగాడు. మేనేజరు గుమాస్తా చేతిలోంచి పుస్తకం తీసుకుని, రాసిన వరుసను కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. కాకతో ఏమీ అనలేదు. క్షమించమనడం ఆ ఉద్యోగంలో ఉండదు కాబోలు.

అందరూ అక్కడుండగా నేను మీటింగు గదికి తిరిగి వెళ్లి సార్ పెట్టిన రెండు వరుసలు తీసేశాను. వాటి చోట ఒక్క వరుస, న్యూ తోనూ ఖాళీ కన్‌స్ట్రక్టర్‌తోనూ. నిమిషం పట్టలేదు. రెండో షిఫ్టు నంబర్లు మళ్లీ ఎక్కించాను. సరిగ్గా చూపించింది. చూడటానికి గదిలో ఎవరూ లేరు, ప్లేట్లలో మిగిలిన మిర్చీ బజ్జీల కోసం వచ్చిన ఇద్దరు విద్యార్థులు తప్ప.

సార్ బయట మేనేజరుకు ఏదో చెప్పుకున్నాడు. తర్వాత విద్యార్థుల ద్వారా తెలిసింది: చిన్న టెక్నికల్ ప్రాబ్లం అనీ, కుర్రాడు కనిపెడతాడో లేదో చూడాలని తానే పెట్టాననీ అన్నాడట. ఆటోలో కంప్యూటరు పక్కన కూర్చుని నాతో ఒకే మాట మాట్లాడాడు.

"కొత్తది కొత్తది అని పట్టుకున్నవ్. కొత్త కొలువు గూడ దేవులాడుకో."

కాగితం ఇవ్వలేదు. సంతకం లేని దాన్ని నేను అడగలేదు. ల్యాంపు రూంకు ఆ ప్రోగ్రాం ఎవరూ వాడలేదు, వాడమని ఎవరూ అడగలేదు. అయినా నెల తిరగకుండా చౌరస్తాలో బ్యానరు లేచింది, బొగ్గు గనులకు సాఫ్ట్‌వేర్ అందించిన సంస్థ అని, కింద సార్ ఫోటో, వెనక దుప్పటి మీద రెండు పెద్ద సున్నాలు. చప్పట్ల మధ్య, ఆ రెండు సున్నాలు ఉన్న క్షణంలోనే ఒక విద్యార్థితో ఫోటో తీయించుకున్నాడు. ఆ బ్యానరు చూసి తర్వాతి బ్యాచ్‌లో ముప్ఫై ఎనిమిది మంది చేరారు. కన్‌స్ట్రక్టర్ పేరు ఏమిటో వాళ్లకూ తెలుసు, అది తిరిగి ఏమీ ఇవ్వదనీ తెలుసు.

నేను ఆ వారమే కాకను వాళ్ల గడపలో కలిశాను. రెండు రోజుల ముందే తెలిసి కూడా చెప్పనందుకు ఏమైనా అంటాడనుకున్నాను. అనాలని కూడా ఉండింది నాకు. ఆయన మోకాలికి నూనె రాసుకుంటూ, "బటన్ నువ్వే గద నొక్కింది?" అని మాత్రం అడిగాడు. అవునన్నాను. నూనె సీసాకు మూత పెట్టి లోపలికి వెళ్లాడు. ఆ తర్వాత ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు.

కాకను ల్యాంపు రూం నుంచి ఎవరూ కదిలించలేదు. మిగిలిన సర్వీసంతా అక్కడే చేశాడు. పదవీ విరమణ రోజు ఉదయం షిఫ్టుకే వెళ్లి, తన తర్వాత వచ్చిన మనిషికి పని ఒప్పజెప్పి, సంతకం తీసుకున్నాడని మా నాన్న చెప్పాడు. ఆ రోజు ఆయన అప్పగించినవి రెండు వందల డెబ్బై ఆరు ల్యాంపులు.